హ్యాండీ రేంజ్ పెంచాలి, సెట్టు విప్పించమంటారా?

కొత్తకాపు_భీమవరం
మూడు నెలల క్రితం హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునే లైసెన్సు, చేతికొచ్చింది; నా పిలుపు పేరు వియు3తో మొదలవుతుంది. నా దగ్గరున్న హ్యాండీ, అంటే చేత్తో పట్టుకునే సెట్టు, బావోఫెంగ్ యూవీ-5ఆర్, కొత్తవాళ్ళు చాలామంది కొనేదే. మా బావ తాడేపల్లిగూడెంలో ఉంటాడు. ఆయనకీ లైసెన్సు ఉంది, ఆయనదీ అదే సెట్టు. మ్యాపులో గీత గీసి చూస్తే మా ఇంటికీ వాళ్ళింటికీ 30 కిలోమీటర్లు. నెల రోజులుగా రాత్రి తొమ్మిదింటికి 145 మెగాహెర్ట్జ్‌లో పిలుచుకుంటున్నాం. గరగర తప్ప ఒక్క మాట రాలేదు.

ఊళ్ళో సెట్లు బాగుచేసే ఒకతను "1500 ఇవ్వండి, ఓపెన్ చేసి పది వాట్లు చేసేస్తా, 50 కిలోమీటర్లు కొడుతుంది" అంటున్నాడు. ఎవరైనా ఇలా చేయించారా? సెట్టు పాడవుతుందేమోనని నా భయం. బావేమో రోజూ ఫోన్ చేసి "వినపడిందా?" అని అడుగుతున్నాడు. ఫోన్లో బాగానే వినపడుతున్నాడు, అదే బాధ.

టంకం_తాత
ఆ 1500 పెట్టి మీ ఊళ్ళో రొయ్యల వేపుడు తినండి. సెట్టు బతుకుతుంది.

సైనిక్‌పురి_స్టాటిక్
తాత తిండికి తప్ప దేనికీ ఖర్చు పెట్టనివ్వడు.

డల్లాస్_డైపోల్
ఇక్కడ రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. హ్యామ్‌లు "ఓపెన్ చేయడం" అనేది మా అమెరికాలో మార్స్ మోడ్ (మోడ్ అంటే సెట్టులో చేసే మార్పు). అంగారకుడు కాదు, మిలటరీ ఆక్జిలరీ రేడియో సిస్టమ్. సైన్యానికి సాయపడే హ్యామ్‌లు మన బ్యాండ్ (మనకిచ్చిన ఫ్రీక్వెన్సీల వరస) పక్కనున్న ఫ్రీక్వెన్సీల్లో కూడా మాట్లాడాల్సి వస్తుంది. అందుకని సెట్టు లోపల ఒక డయోడో జంపరో తీసి, ప్రసారానికి కంపెనీ పెట్టిన హద్దు తెరుస్తారు. దానికి "ట్రాన్స్‌మిట్ రేంజ్ పెంచడం" అని పేరు. అక్కడ రేంజ్ అంటే ఫ్రీక్వెన్సీల మేర, దూరం కాదు. ఆ మోడ్ చేస్తే ఒక్క మీటరు కూడా అదనంగా వెళ్ళదు. మీ రిపేరు అతను పేరు ఒకదానిది, ఫలితం ఇంకోదానిది చెప్తున్నాడు.

మోర్స్_మాస్టారు
డల్లాస్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. యూవీ-5ఆర్‌ మామూలుగా పెట్టెలోంచి తీసినప్పుడే 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ప్రసారం చేస్తుంది. అందులో ఓపెన్ చేయడానికి మూసింది ఏముందని? తలుపే లేని ఇంటికి తాళం తీస్తానంటున్నాడు.

మనకు మన దేశంలో ఇచ్చింది ఆ బ్యాండులో 144 నుంచి 146 మాత్రమే, పైన 434 నుంచి 438. మీటలు నొక్కడంలో వేలు జారితే పోలీసుల మీదో ఓడల మీదో పడతారు. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళు పిలిచే 16వ ఛానల్ 156.8. మీ ఇంటి నుంచి సముద్రం ఎంత దూరమో మీకే తెలుసు. ముందు మెనూలోనో కంప్యూటర్లోనో మీ ఛానళ్ళు దాచిపెట్టుకుని, ఆ ఛానళ్ళ మీదే మాట్లాడటం అలవాటు చేసుకోండి.

కొత్తకాపు_భీమవరం
ఓపెన్ సంగతి అర్థమయింది మాస్టారూ. మరి పది వాట్ల సంగతి? నాలుగు వాట్లకు 10 కిలోమీటర్లు వెళ్తే పదికి 25 వెళ్ళదా?

సైనిక్‌పురి_స్టాటిక్
రెండు బల్బులు పెడితే వెలుగు రెట్టింపు దూరం పోతుందన్నట్టుంది లెక్క.

డాబా_యాగీ
నవ్వకండి, నేనూ మొదట్లో ఇదే అనుకున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి కొత్తకాపు గారూ, మీ ఊరికి సరిపోయే లెక్కే చెప్తాను.

145 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపులాగే పోతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక నేల అడ్డొస్తుంది. ఆ దూరం ఎంతంటే, యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.12తో గుణించండి, కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడి మాట్లాడితే యాంటెన్నా ఎత్తు మీటరున్నర, అంటే 5 కిలోమీటర్లు. అటు మీ బావకీ ఇంకో 5. మొత్తం 10. మీకు కావాల్సింది 30. మధ్యలో 20 కిలోమీటర్ల మేర భూమి అడ్డం. అక్కడ పది వాట్లు కాదు, వంద వాట్లు పెట్టినా భూమి పక్కకు జరగదు.

ఇప్పుడు ఇద్దరూ 13 మీటర్ల ఎత్తులో ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ 15 దాకా వస్తుంది. రెండూ కలిపితే మీ 30. రెండంతస్తుల డాబా, దాని మీద ఒక వెదురు గడ. అయిపోయింది. మీది గోదావరి డెల్టా, కొండ లేదు, గుట్ట లేదు. ఇంత సులువైన నేల రాయలసీమలో నాకు దొరికితే ఎగిరి గంతేసేవాణ్ణి.

కొత్తకాపు_భీమవరం
నేను ఇన్నాళ్ళూ కింద గదిలో మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాను 🙈

టంకం_తాత
పైన రెండు శ్లాబులు, చుట్టూ గోడలు, గోడల్లో ఇనుప ఊచలు. సెట్టు కూడా మంచం మీద పడుకుని ఉందా, నిలబడి ఉందా?

కొత్తకాపు_భీమవరం
...పడుకునే ఉండేది తాతగారూ.

టంకం_తాత
నీ యాంటెన్నా అడ్డంగా, మీ బావది నిలువుగా. అక్కడే సగానికి పైగా పోయింది. 1500 రొయ్యలకే.

వాట్ల_వీర్రాజు
అందరూ కలిసి వాట్లను మరీ తీసిపారేస్తున్నారు, నేనొప్పుకోను. మనం మాట్లాడే ఎఫ్ఎం పద్ధతిలో ఒక గీత ఉంటుంది. గీత కింద అంతా బుస్సు, గీత దాటితే మాట. సరిగ్గా ఆ గీత మీద ఊగిసలాడే వాడికి పవర్ రెట్టింపయితే 3 డిబి (డెసిబెల్, బలం పెరుగుదలను కొలిచే లెక్క) వస్తుంది, ఆ 3 డిబికే మాట తేలుతుంది. నేను స్వయంగా చూశాను. నా హ్యాండీ వెనకాల 30 వాట్ల యాంప్లిఫయర్ పెట్టాక, అంతకుముందు నా మాట ముక్కలు ముక్కలుగా విన్నవాళ్ళు "మీరు 59" అన్నారు, అంటే మాట స్పష్టం, బలం నిండుగా అని.

మోర్స్_మాస్టారు
మీరన్నది నిజమే వీర్రాజు గారూ, కానీ అది గీత దగ్గరికొచ్చిన వాడి సంగతి. ఈ అబ్బాయి గీతకు చాలా లోతున ఉన్నాడు. చదును నేల మీద యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేసిన ప్రతిసారీ 6 డిబి వస్తుంది. మీటరున్నర నుంచి మూడు, ఆరు, పన్నెండు. మూడు రెట్టింపులు, 18 డిబి. అదే లాభం వాట్లతో తెచ్చుకోవాలంటే నాలుగు వాట్లను 250 చేయాలి. అదీ ఒక్క వైపుకే. వెదురు గడ ధర ఎంత, 250 వాట్ల ధర ఎంత?

వాట్ల_వీర్రాజు
ఎత్తు వద్దని నేనెప్పుడన్నాను మాస్టారూ? ఎత్తుతో పాటు వాట్లు కూడా అంటున్నాను.

సైనిక్‌పురి_స్టాటిక్
వీర్రాజు గారూ, "మీరు 59" అన్నవాళ్ళు మీకు ఎంత వినపడ్డారో చెప్పలేదు 🙂

వాట్ల_వీర్రాజు
...ముక్కలు ముక్కలుగానే. వాళ్ళవి ఐదు వాట్లే కదా.

సైనిక్‌పురి_స్టాటిక్
నోరు ఊరంత, చెవి ఆవగింజంత. యాంప్లిఫయర్‌తో వచ్చే జబ్బే ఇది. యాంటెన్నా బాగుపడితే పంపేదీ పెరుగుతుంది, వినేదీ పెరుగుతుంది. వాట్లు పెంచితే పంపేది ఒక్కటే పెరుగుతుంది.

బ్యాటరీ_బుజ్జి
లోపల కెలికినవాణ్ణి నేనున్నాను, నా కథ వినండి. కంప్యూటర్లోంచి సెట్టు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అందులో పవర్ అంకెలు పెంచేశాను. మీటరు పెట్టి చూస్తే అర వాటు కూడా పెరగలేదు. కానీ సెట్టు ఇస్త్రీ పెట్టెలా కాలడం మొదలైంది. అంతటితో ఆగానా? లేదు. ఒక రోజు ఆదివారం హ్యామ్‌లంతా రేడియోలో కలిసే నెట్‌లో ఆరేడు నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. తర్వాత పీటీటీ (మాట్లాడే మీట) నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, అవతల ఎవరికీ ఏమీ రాదు. పవర్ పెంచి బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ పోయింది. ఇప్పుడది మా అబ్బాయికి టార్చిలైటు.

టంకం_తాత
యూవీ-5ఆర్‌లో టార్చి మంచి క్వాలిటీ. అది ఎప్పటికీ పోదు.

బ్యాటరీ_బుజ్జి
తాతగారూ పుండు మీద కారం.

టంకం_తాత
సరదాకి అన్నాలే బుజ్జీ. అసలు సంగతి చెప్తాను. ఆ పెట్టెలో వేడి పోవడానికి ఉన్నది వెనకున్న చిన్న లోహపు రేకు ఒక్కటే. బ్యాటరీ 7.4 వోల్టులు. నాలుగు వాట్లు బయటికి పంపడానికే ఆంపియరున్నర దాకా లాగుతుంది. పది వాట్లంటే దానికి రెండింతలు మించి లాగాలి. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఆ వేడి ఎక్కడికి పోతుంది? పోనీ తెచ్చాడే అనుకుందాం, మన సంకేతంతో పాటు దాని పిల్లలు కూడా పెరుగుతాయి. 145 మీద మాట్లాడితే 290 మీద, 435 మీద కూడా నీ గొంతు పోతుంది. చవక సెట్లలో చాలావాటికి ఈ వడపోత సరిగా లేదని అమెరికా హ్యామ్ సంఘం ఏఆర్ఆర్ఎల్ ల్యాబులో కొలిచి చెప్పింది. అలాంటిదానికి ఇంకా దాణా వేసి పెంచడం ఎందుకు? పైగా అంత పవరున్న యాంటెన్నా కంటికి నాలుగంగుళాల దూరంలో. నాకు డెబ్బై దాటాయి, నేనైతే పెట్టుకోను.

చెరువు_శ్రీను
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది ఉండి దగ్గర. నాకు లైసెన్సు గట్రా లేదు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా కుర్రాళ్ళతో మాట్లాడటానికి ఈ సెట్లు కొందామనుకుంటున్నా. రెండు కిలోమీటర్లు వస్తే చాలు.

మోర్స్_మాస్టారు
కొనకండి శ్రీను గారూ. ఇది హ్యామ్ సెట్టు. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే తప్పు, లైసెన్సున్నా వ్యాపారం మాటలకు వాడకూడదు. ఆన్‌లైన్లో ఇలాంటివి ఏ వివరమూ చెప్పకుండా అమ్మేస్తున్నారనే 2025 మే నెలలో వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మీకు కావాల్సింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపల పనిచేసే అర వాటు సెట్లు. వాటికి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో అడిగి తీసుకోండి.

చెరువు_శ్రీను
అర వాటా! అది గట్టు దాటుతుందా?

డాబా_యాగీ
గట్టు మీద నిలబడితే దాటుతుంది. చెరువుల మీద అడ్డమేముంది? మీ కుర్రాణ్ణి షెడ్డులో పడుకుని మాట్లాడొద్దనండి, అంతే. ఈ చర్చ మొత్తం దాని గురించే.

కొత్తకాపు_భీమవరం
శ్రీను గారూ, షెడ్డులో పడుకున్న కుర్రాణ్ణి నేనే అనుకోండి.

సరే, డబ్బు ఖర్చు లేకుండా ఈ రాత్రికి ఏం చేయొచ్చో చెప్పండి. డాబా రెండంతస్తులే, మెట్లున్నాయి.

డాబా_యాగీ
మేడెక్కండి. పిట్టగోడ దగ్గర ఉత్తరం వైపు నిలబడండి, గూడెం మీకు సరిగ్గా ఉత్తరమే. సెట్టు నిటారుగా, తలకంటే పైకెత్తి పట్టుకోండి. ఇయర్‌ఫోన్ మైకు ఉంటే తగిలించుకోండి, సెట్టును ఇంకా పైకి ఎత్తొచ్చు. బావని కూడా ఇలాగే చేయమనండి. ఒక 49 సెంటీమీటర్ల తీగ ముక్క తీసుకుని యాంటెన్నా మొదట్లో బయటి లోహానికి తగిలేలా చుట్టి కిందికి వేలాడదీయండి. పులితోక అంటారు.

వాట్ల_వీర్రాజు
పులితోక వట్టి నమ్మకం. నేను కట్టి చూశా, ఏమీ తేడా లేదు.

సైనిక్‌పురి_స్టాటిక్
నాకు బాగా తేడా వచ్చింది. ఆ రబ్బరు యాంటెన్నాకు రెండో సగం లేదు, చేతిలో పట్టుకున్న సెట్టూ మన ఒళ్ళూ ఆ సగంగా పనిచేస్తాయి. తోక కడితే ఆ పని తీగ చేస్తుంది.

వాట్ల_వీర్రాజు
మీ ఒళ్ళూ నా ఒళ్ళూ ఒకటి కాదుగా. నేను 95 కిలోలు. నాకు తోక అక్కర్లేదు.

మోర్స్_మాస్టారు
ఇద్దరిదీ నిజమే కావచ్చు. తీగ ముక్క ఊరికే వస్తుంది, కట్టి చూస్తే పోయేదేముంది? కొత్తకాపూ, తీగ కొలిచి కట్టు, సుమారుగా కట్టకు. సెట్టు ప్లాస్టిక్‌కి చుడితే మాత్రం ఏమీ రాదు, వీర్రాజు గారు బహుశా అలాగే కట్టారేమో.

వాట్ల_వీర్రాజు
...చూడాలి.

కొత్తకాపు_భీమవరం
రాత్రి రిపోర్టు. మేడ మీద తోకతో నిలబడ్డాను. 9.10కి గరగరలోంచి ఏదో గొంతు! మాట తెలియలేదు, కానీ బావ దగ్గు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. నెల రోజుల్లో మొదటిసారి. ఫోన్ చేస్తే "నువ్వు కూడా వచ్చావురా, కానీ బావిలోంచి మాట్లాడినట్టు వచ్చావు" అన్నాడు.

గూడెం_బావ
ఆ బావని నేనే. మావాడు మీ అందర్నీ తెగ పొగుడుతుంటే చేరిపోయాను. బావిలోంచి అన్నది ఊరికే అనలేదండి. శబ్దం ఉంది, పక్కన బుస్సు కూడా తక్కువే, కానీ గొంతు చాలా చిన్నగా వచ్చింది. నేను సౌండు మొత్తం పెంచినా వీడు గుసగుసలాడుతున్నట్టే ఉంది. ఇంట్లో మాత్రం వీడి గొంతు వీధి చివరికి వినపడుతుంది.

డల్లాస్_డైపోల్
బుస్సు తక్కువ, గొంతు చిన్నది అంటే దూరం సమస్య కాదది. సంకేతం చేరుతోంది. కొత్తకాపు గారూ, మెనూలో వైడ్, న్యారో అని ఒకటుంటుంది. మీది దేని మీద ఉంది?

కొత్తకాపు_భీమవరం
న్యారో అని ఉంది. సన్నగా ఉంటే దూరం పోతుందని ఎవరో చెబితే పెట్టాను.

డల్లాస్_డైపోల్
న్యారోలో మీ గొంతు ఫ్రీక్వెన్సీని సగమే ఊపుతుంది. అవతల వైడ్‌లో ఉన్న సెట్టుకు అది సగం గొంతులా వినపడుతుంది. ఇద్దరూ ఒకే దాని మీద ఉండాలి. వైడ్ పెట్టండి. మైకు రంధ్రం దగ్గర దుమ్ము ఉందేమో కూడా చూడండి, వేలు అక్కడ పెట్టి మూసెయ్యకండి.

టంకం_తాత
రిపేరు అతను 1500 తీసుకుని ఈ ఒక్క మెనూ మార్చి ఇచ్చినా కుర్రాడు దేవుడని దండం పెట్టేవాడు. ఎన్ని "మోడ్‌"లు ఇలాగే ఫలించాయో.

విశాఖ_అలజడి
దూరం గురించి వాదన చూస్తుంటే హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12. మా వీధిలో చెట్లన్నీ కరెంటు తీగల మీద, సెల్ టవర్లు మూగ. నా దగ్గరున్నది ఐదు వాట్ల హ్యాండీ, ఒక స్పేర్ బ్యాటరీ. గాలి తగ్గాక కింద వీధిలోంచి పిలిస్తే పక్క పేట దాటలేదు. మధ్యలో కొండలు మరి, మీ భీమవరంలా కాదు మాకు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మీదికి ఎక్కితే ఇంకో హ్యామ్ దొరికాడు. ఆయన ఇంకాస్త ఎత్తులో ఉన్నాడు. నేను చెప్పింది ఆయన విని అటువైపు వాళ్ళకు అందించడం, వాళ్ళు చెప్పింది నాకు అందించడం. రెండు రోజులు అదే పని. బ్యాటరీ దాచుకోవడానికి సగం సేపు తక్కువ పవర్లోనే మాట్లాడాను. ఒక్క వాటు. వినపడింది.

కొత్తకాపు_భీమవరం
ఒక్క వాటుతోనా! అలజడి గారూ, నాకిప్పుడు సిగ్గేస్తోంది.

సైనిక్‌పురి_స్టాటిక్
సిగ్గు తర్వాత, సంతోషించు. అంతరిక్ష కేంద్రానికి కూడా ఈ సెట్టుతోనే మాట్లాడొచ్చు. అది 400 కిలోమీటర్ల పైన తిరుగుతోంది. అక్కడి రిపీటర్ (విన్నదాన్ని మళ్ళీ పంపే సెట్టు) వేసి ఉన్నప్పుడు 145.990లో 67 హెర్ట్జ్ టోన్‌తో (రిపీటర్‌ను తెరిచే సన్నని మోత) పంపాలి, 437.800లో వినాలి. స్టీలు కొలత టేపు ముక్కలు కోసి, పీవీసీ పైపుకి క్లాంపులతో బిగించి చేసిన యాగీ (ఒక వైపుకే గురిపెట్టే యాంటెన్నా) చేత్తో పట్టుకుని నేను సాధించాను. నాలుగు వాట్లు. మా ఇంటి నుంచి ఉప్పల్ పోని సెట్టు అక్కడికి పోయింది. మధ్యలో అడ్డం లేదుగా మరి.

మోర్స్_మాస్టారు
ఉపగ్రహాల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్‌వీ-సీ6 మీద హ్యామ్‌శాట్ వెళ్ళింది. హ్యామ్‌ల కోసమే ఇస్రో పంపింది. 2014 దాకా పనిచేసింది. తక్కువ పవర్‌తోనే దాని మీద ఎంతమంది విదేశాలవాళ్ళతో మాట్లాడానో. అది ఆగిపోయిన రోజు ఇంట్లో మనిషి పోయినట్టయింది.

బ్యాటరీ_బుజ్జి
మాస్టారూ ఇది మోడ్ చర్చ, హ్యామ్‌శాట్ మొదలెడితే మీరు రేపటిదాకా ఆపరు.

కొత్తకాపు_భీమవరం
వైడ్ పెట్టాను. బావ "ఇప్పుడు నీ గొంతే" అన్నాడు. కానీ మాట వచ్చిపోతూ ఉంది. రోజూ చెయ్యెత్తి నిలబడలేను, పక్కింటివాళ్ళు ఇప్పటికే చూసి నవ్వుతున్నారు. ఏదైనా కట్టేసి వదిలేసే యాంటెన్నా చెప్పండి.

డాబా_యాగీ
ఇంట్లో పాత టీవీ యాంటెన్నా రిబ్బన్ తీగ ఉందా? దూరదర్శన్ రోజులది, రెండు తీగలు పక్కపక్కనే చదునుగా ఉంటుంది. దాంతో జే-పోల్, అంటే జే అక్షరంలా ఉండే నిలువు యాంటెన్నా కట్టొచ్చు. మొత్తం పొడవు ఇంచుమించు 140 సెంటీమీటర్లు. కింది చివర రెండు తీగలనూ కలిపి టంకం వేయాలి. అక్కడి నుంచి 42 సెంటీమీటర్ల దగ్గర ఒక వైపు తీగను చిన్న ముక్క కత్తిరించి తెంపాలి. సెట్టు నుంచి వచ్చే కేబుల్‌ను కింది నుంచి మూడు సెంటీమీటర్ల పైన అంటించాలి. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే, రిబ్బన్‌కీ రిబ్బన్‌కీ తేడా ఉంటుంది. కాస్త పొడవుగా కోసుకుని, ఎవరి దగ్గరైనా నానోవీఎన్ఏ (యాంటెన్నా కొలిచే చిన్న పరికరం) అడిగి తెచ్చి, చూస్తూ తగ్గించుకుంటూ రండి. పొడవు తగ్గించొచ్చు, అతికించలేం.

కొత్తకాపు_భీమవరం
రిబ్బన్ ఉంది! అటక మీద తాతయ్య ట్రంకుపెట్టె పక్కన. కేబుల్ ఎంత పొడవు తీసుకోమంటారు? మంచం దాకా 20 మీటర్లు పడుతుంది.

టంకం_తాత
మళ్ళీ మంచం దగ్గరికే వచ్చాడు.

డాబా_యాగీ
20 మీటర్ల సన్న కేబుల్ ఆర్‌జీ-58 అంటే ఈ ఫ్రీక్వెన్సీలో 4 డిబి పోతుంది. నాలుగు వాట్లు బయల్దేరితే యాంటెన్నా దగ్గరికి వాటున్నరే చేరుతుంది. వినేటప్పుడూ అంతే నష్టం. మంచం మీద పడుకుని మాట్లాడటానికి అది మీరు కట్టే అద్దె. మేడ మీద కుర్చీ వేసుకుంటే మూడు నాలుగు మీటర్లతో సరిపోతుంది. లేదా ఆర్‌జీ-213 కొనండి, లావుగా ఉంటుంది, ధర కూడా లావే. ఇంకోటి, కనెక్టర్ చూసి తీసుకోండి. ఈ సెట్టు మీద ఉన్నది మగ ఎస్ఎంఏ (యాంటెన్నా బిగించే చిన్న కనెక్టర్), మీకు ఆడది కావాలి. యాసు, ఐకామ్ కంపెనీల హ్యాండీలకు దీనికి తిరగబడి ఉంటుంది. నేను మూడుసార్లు తప్పు కొన్నాను.

సైనిక్‌పురి_స్టాటిక్
ఒక హెచ్చరిక. హైదరాబాదులో నేను ఇదే సెట్టుకు డాబా మీది పెద్ద యాంటెన్నా తగిలించాను. అందరికీ నేను వినపడ్డాను, నాకు ఒక్కడూ వినపడలేదు. ఈ సెట్టులో రిసీవర్ మొత్తం ఒక చిప్పే, ముందు వడపోత నామమాత్రం. చుట్టూ ఎఫ్ఎం స్టేషన్ల హోరులో దానికి చెవులు మూసుకుపోయాయి. రబ్బరు యాంటెన్నా పెడితే మళ్ళీ వినపడ్డాయి! భీమవరంలో అంత హోరు ఉండకపోవచ్చు. ఒకవేళ అలా అయితే యాంటెన్నాను తిట్టకండి.

వాట్ల_వీర్రాజు
చెవి ఆవగింజంత ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

సైనిక్‌పురి_స్టాటిక్
ఒప్పుకున్నాను వీర్రాజు గారూ, ఒకటీ ఒకటీ.

కొత్తకాపు_భీమవరం
నాలుగు రోజులు పట్టింది. మొదటి రిబ్బన్ తప్పు వైపు తెంపాను. రెండోది సరిగ్గా వచ్చింది. మా కాలేజీ ల్యాబులో ఉన్న నానోవీఎన్ఏ మీద 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 (తిరిగొచ్చే పవర్ లెక్క, ఒకటికి దగ్గరైతే మంచిది). మేడ మీద దండెం కట్టే ఇనుప స్తంభానికి కట్టాను, ఏమీ బాగాలేదు, 3 దాటేసింది.

మోర్స్_మాస్టారు
ఇనుముకు ఆనించి కడితే అంతే నాయనా. దాన్ని కూడా యాంటెన్నాలో కలుపుకుంటుంది. వెదురు గడకు కట్టు, ఇనుముకు దూరంగా.

కొత్తకాపు_భీమవరం
వెదురు గడ, మూడు మీటర్లు, పిట్టగోడకు తాళ్ళతో. అమ్మ దండెం మీద చీరలు ఆరేస్తుంటే రిబ్బన్ తగులుతోందని తిట్టింది. ఇదంతా పక్కన పెట్టండి. నిన్న రాత్రి తొమ్మిదింటికి పిలిచాను. బావ వచ్చాడు. మాట మాటా తెలిసింది! తక్కువ పవర్ పెట్టి చూస్తే నా మాట పోయిందన్నాడు, ఎక్కువలో పెడితే కాస్త గరగర, అంతే. సెట్టుకు స్క్రూ కూడా తియ్యలేదు.

గూడెం_బావ
నా వైపు సంగతి కూడా రాయరా. మాది పెంకుటిల్లు. వీడు మేడ మీద రాజులా కుర్చీలో, నేనేమో వాటర్ ట్యాంకు నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని. డాబా_యాగీ గారి లెక్కలో నావి ఆరు మీటర్లే, 10 కిలోమీటర్లు. వాడివి 15. ఇంకో 5 కిలోమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయంటారు?

డాబా_యాగీ
ఆ గీత గోడ కాదండి. అంచు దాటాక కూడా తరంగం కొంచెం వంగి కిందికి వస్తుంది, బలం మాత్రం తగ్గుతుంది. మీకు వచ్చే గరగర అదే. ఒక సలహా, 435 వైపు వెళ్ళకండి. మీ మధ్య ఎన్ని కొబ్బరి తోటలున్నాయో తెలీదు, వాన పడి ఆకులు తడిస్తే అక్కడ ఇంకా ఎక్కువ తినేస్తుంది.

వాట్ల_వీర్రాజు
గూడెం బావగారూ, ఇది సరిగ్గా గీత మీది కేసు. మీలాంటివాళ్ళకే నా 30 వాట్లు.

గూడెం_బావ
వీర్రాజు గారూ, 30 వాట్లు పట్టుకుని నిచ్చెన మీద నిలబడితే మా ఆవిడ నిచ్చెన తీసేస్తుంది.

టంకం_తాత
నిచ్చెన వద్దు బాబూ, పడతావ్. నువ్వూ ఒక రిబ్బన్ కట్టుకో. మీ బావమరిది మొదటి రిబ్బన్ తప్పు తెంపాడుగా, ఆ ముక్క ఇంకా ఉందేమో అడుగు.

తణుకు_శ్రోత
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు తప్పదు. నాది తణుకు. నా లైసెన్సు ఇంకా రాలేదు, చేతిలో ఉన్నది కంప్యూటర్‌కి తగిలించి వినడానికే పనికొచ్చే టీవీ డాంగిల్. వారం రోజులుగా రాత్రి తొమ్మిదింటికి గూడెం బావగారు నాకు శుభ్రంగా వినపడుతున్నారు, దగ్గరే కదా. భీమవరం నుంచి మాత్రం ఒక్క ముక్క రావడం లేదు. అందుకని కథ సగమే తెలుస్తోంది. నిన్న "మీ అక్కకి చెప్పకు, నేను చూసుకుంటా" అన్నారే, అది దేని గురించండి?

గూడెం_బావ
ఒరేయ్, ఆ గడ దించు.

కొత్తకాపు_భీమవరం
బావా, అక్క ఇక్కడే ఉంది. నా భుజం మీంచి చదువుతోంది.